నిలువుగా నిలబెట్టిన కానుగ కొమ్మ

నగరి నుంచి పుత్తూరు మీదుగా తిరుపతికి పోయే రోడ్డు మీద ఒకప్పుడు ఏకాంబరం మేస్త్రీని ఎరగని లారీ డ్రైవరు లేడంటే అది ఉత్తమాట కాదు. మద్రాసు నుంచి వచ్చే బండ్లవాళ్లు ఆయన్ని చూడగానే హారన్ కొట్టి చెయ్యి ఊపేవాళ్లు. ఊరి బళ్లో అయిదో తరగతి దాకా చదివి, మీసం సరిగా రాకముందే గ్యాంగు కూలీగా చేరి, పారతో మొదలుపెట్టి మేస్త్రీ దాకా ఎదిగిన మనిషి. రోడ్డు బాగోగులు సర్కారు శాఖే చూసుకునే ఆ రోజుల్లో, ఒక్కో గ్యాంగుకు రోడ్డులో ఒక్కో ముక్క అప్పగించేవాళ్లు. ఏకాంబరం ముక్క యాడ మొదలవుతుందో నిద్రపోతున్న క్లీనరుకు కూడా తెలిసేది. సీటు కింద కుదుపు ఆగిందంటే అదే.

ఆయన చేసినవి మనం చెప్పుకుంటే ఒక పొద్దు పడుతుంది, ఆయనే చెబితే రెండు పొద్దులు చాలవు. తుఫాను వచ్చిన ఏడాది కల్వర్టు పక్కన రోడ్డు కోసుకుపోతే, ఇంజనీర్లు జీపు దిగేలోపలే ఇసుక మూటలు వేసి, తాటిమొద్దులు పరిచి బస్సులు దాటించాడు. ఎవరో పెద్ద పదవిలో ఉన్నాయన తిరుపతి కొండకు పోతున్నాడంటే, ఒక్క పూటలో గుంతలన్నీ పూడ్చి, ఆయన కారులో గ్లాసులో పోసిన నీళ్లు తొణకలేదని పైఅధికారి నోట అనిపించుకున్నాడు. రిటైరైన రోజు శాలువా కప్పి ఫొటో తీస్తే, ఆ ఫొటో ఇంట్లో వేంకటేశ్వరస్వామి పటం పక్కనే తగిలించుకున్నాడు. ఆయన భార్య జ్ఞానాంబ, వచ్చినవాళ్లకు కాఫీ ఇస్తూ, "ఇద్దరికీ కలిపే హారతి ఇస్తా వుండాను, యా సామి పలుకుతాడో సూడాల" అనేది. ఏకాంబరం ఆ మాటకు కోపం తెచ్చుకునేవాడు కాదు. పైగా మీసం దువ్వుకునేవాడు.

అన్నిటికన్నా ఆయన గట్టిగా చెప్పుకునేది వేరే ఉంది. తన సర్వీసంతా తన గ్యాంగు పని చేసినచోట ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు. దానికి కారణం రాళ్లూ, కొమ్మా.

రోడ్డు మీద పని చేసేటప్పుడు గ్యాంగు వాళ్లు సున్నం కొట్టిన రాళ్లను అంచు నుంచి లోపలికి ఏటవాలుగా వరస పెట్టేవాళ్లు. మొదటి రాయి దగ్గర ఒక కానుగ కొమ్మ నిలబెట్టేవాళ్లు. కొమ్మ నిలువుగా ఉందంటే అక్కడ మనుషులు ఉన్నారని. పని అయిపోతే కొమ్మను పడుకోబెట్టేవాళ్లు. అప్పుడు రాళ్లు ఎవరు తీసినా ఫరవాలేదు. నిలబడిన కొమ్మను మాత్రం పెట్టినవాడు తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు. కొత్తగా వచ్చిన ఒక జూనియర్ ఇంజనీరు, జీపుకు అడ్డమని ఆ కొమ్మ పీకి పారేస్తే, ఏకాంబరం చేతులు కట్టుకుని, ఆ కొమ్మ వెనకాల తన మనుషుల ప్రాణాలున్నాయని చెప్పాడట. ఆ సారు తన చేత్తోనే దాన్ని మళ్లీ నాటాడట. ఇది ఆయన తరచుగా చెప్పే కథ.

ఆ గ్యాంగులో ఏకాంబరానికి కుడిచెయ్యి వెంకటముని. సొంత తమ్ముడు కాదు గానీ తమ్ముడికన్నా ఎక్కువ. సర్వీసులో ఉండగానే కామెర్లు వచ్చి పోయాడు. మామూలుగా అయితే తండ్రి ఉద్యోగం కొడుకు మునికుమార్‌కు రావాలి. కానీ అప్పటికి కాలం మారిపోయింది. రోడ్డును నాలుగు వరసలు చేసి, ఏళ్ల తరబడి చూసుకునేట్టు, టోలు వసూలు చేసుకునేట్టు ఒక కంపెనీకి ఇచ్చేశారు. గ్యాంగులో రిటైరైనవాడి జాగా రిటైరైనవాడితోనే పోయింది, చచ్చిపోయినవాడి జాగా చచ్చిపోయినవాడితోనే. వెంకటముని భార్య ఆనందమ్మకు ఏకాంబరం మాట ఇచ్చి ఉన్నాడు, కొడుకుకు రోడ్డు మీదే అన్నం పెట్టిస్తానని. ఆ మాట కోసం టోల్‌గేటు ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఎవరి ముందూ వంగని మనిషి, తన మనవళ్ల ఈడు సూపర్‌వైజర్ల ముందు నిలబడ్డాడు. చివరికి మునికుమార్‌ను పెట్రోలింగ్ బండి మీద తీసుకున్నారు. రోడ్డు పొడుగునా తిరుగుతూ, చెడిపోయిన బండ్లుంటే పక్కకు లాగించడం, దారికి అడ్డంగా ఏదన్నా పడితే తీసేయడం ఆ పని. ఉద్యోగం కంపెనీది కూడా కాదు, కంపెనీకి మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీది. అయినా నారింజరంగు కోటు తొడుక్కుని కొడుకు బండి దిగితే ఆనందమ్మ కళ్లు తుడుచుకుంది.

కొత్త రోడ్డును ఏకాంబరం తిట్టలేదు. నిజం చెప్పాలంటే, తారు పోసేటప్పుడు రోజూ పోయి నిలబడి చూసి, తన కాలంలో ఇట్లాంటి యంత్రాలు ఉంటే ఏం చేసి చూపించేవాడో అని చెప్పుకున్నాడు. ఆయనకు ఒక్కటే కొరత. కొండకు నడిచిపోయేవాళ్లు.

అరవవాళ్లు వేంకటేశ్వరస్వామి నెలగా చూసుకునే పెరటాసి వచ్చిందంటే తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకున్న జనం గుంపులు గుంపులుగా గోవిందా అంటూ ఈ రోడ్డు వెంబడి నడిచి వస్తారు. చెప్పులు వేసుకోరు. వాళ్లకోసం ఏకాంబరం గ్యాంగు ఏటా ముందుగానే రోడ్డు పక్కన ముళ్లు కొట్టి, కంకర ఏరేసి, మెత్తటి మన్ను పరిచి ఒక కాలిబాట చేసేది. అది ఏ ఆర్డరులోనూ ఉన్న పని కాదు. అధికారులు చూసీ చూడనట్టు ఉండేవాళ్లు. ఒకరిద్దరు తామే నీళ్ల ట్యాంకరు పంపి మట్టి తడిపించేవాళ్లు కూడా. కంపెనీ వచ్చాక ఆ బాట ఎవరికీ పట్టలేదు. మునికుమార్‌తో చెప్పించి చూశాడు. వాడు తిరిగి వచ్చి, కంపెనీ చేయాల్సిన పనుల్లో బండ్లకు కావలసినవన్నీ ఉన్నాయనీ, నడిచేవాళ్ల మాటే లేదనీ చెప్పాడు. అందుకని ఏకాంబరం ఒక్కడే, రిటైరైన మనిషి, టీవీఎస్ మోపెడ్ మీద పార, మచ్చుకత్తి కట్టుకుని పోయి, చేతనైనంత మేర ఏటా ముళ్లు కొట్టి వచ్చేవాడు. మునికుమార్ చూసినా చూడనట్టు పోయేవాడు. ఒక్క మాట మాత్రం చెప్పాడు, తారు మీద ఏమీ పెట్టొద్దని, అంచు దాటి లోపలికి రావద్దని. చిన్నపిల్లవాడి మాటకు తలూపినట్టు ఏకాంబరం తలూపాడు.

ఆ ఏడాది పెరటాసిలో మూడో శనివారం. ఉదయం నుంచే మబ్బు పట్టి ఉంది. కల్వర్టు దగ్గర రోడ్డు పక్కన జాగా ఉండదు. అంచున అడ్డంగా వేసిన ఇనుప కమ్మీ తారును అంటుకునే ఉంటుంది. నడిచేవాళ్లు అక్కడ బండ్లు పోయే దారిలోకి దిగక తప్పదు. ఏకాంబరం చూస్తుండగానే ఒక ముసలామె అట్లా దిగింది. పక్కనుంచి కంటైనర్ లారీ పోయిన విసురుకు ఆమె కమ్మీ మీద పడింది. దెబ్బేమీ తగల్లేదు గానీ చేతిలో కర్ర ఎగిరి కింద వాగులో పడింది. ఆమె గోవిందా అని లేచి నడిచింది. తన ముక్కలో ఇట్లా జరగడమా అనుకున్నాడు ఏకాంబరం. ఆ ముక్క ఇప్పుడు తనది కాదన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు.

మోపెడ్ మీద ఇంటికి పోయి, దొడ్లో మూలకు చేర్చిన పాత రాళ్లను గోనెసంచిలో వేసుకొచ్చాడు. కానుగ కొమ్మ విరిచాడు. కల్వర్టుకు ముందు, అంచు నుంచి దారిలోకి ఏటవాలుగా రాళ్లు పేర్చి, మొదటి రాయి దగ్గర కొమ్మను నిలబెట్టాడు. బండ్లు దాన్ని చూసి పక్క వరసలోకి తిరిగి పోసాగాయి. వెనకాల వస్తున్న గుంపు కల్వర్టును దాటింది. ఆడవాళ్లు, చంటిబిడ్డలు, డోలు వాయించేవాళ్లు, అందరూ దాటారు. ఏకాంబరం చెయ్యి అడ్డంపెట్టి నిలబడి దాటించాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయనకు ఒళ్లు తేలికైంది.

ఇంకా గుంపులు వస్తాయని కొమ్మను అట్లాగే ఉంచాడు. దాటినవాళ్లు ఆయన్ని వదల్లేదు. కొంచెం దూరంలో అన్నదానం పందిరి ఉంటే, తాతా మీరూ రావాలని చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. ఆకులో చింతపండు అన్నం పెట్టారు. ఈ ముళ్లన్నీ కొట్టింది ఎవరని ఎవరో అడిగారు. ఆయన సగం అరవం, సగం తెలుగులో చెప్పాడు. ఒక పెద్దామె కాళ్లకు మొక్కింది. ఇక ఆగుతాడా. తుఫాను కథ చెప్పాడు. గ్లాసులో నీళ్ల కథ చెప్పాడు. జూనియర్ ఇంజనీరు కొమ్మ నాటిన కథ చెప్పేసరికి వాన మొదలైంది. పందిరి మీద కప్పిన టార్పాలిన్ పట్టా టపటపలాడుతుంటే, రాళ్ల సంగతి గుర్తుకు వచ్చింది. వాన తగ్గనీ పోదాంలే అనుకున్నాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు ఇంకొకటి చెప్పమన్నారు. ఇంకొకటి చెప్పాడు.

ఆ మధ్యలోనే చెన్నై వైపు నుంచి వస్తున్న కారు వానలో తెల్లరాళ్లను ఆలస్యంగా చూసింది. బ్రేకు కొట్టాడో, పక్కకు తిప్పాడో, కారు జారి కమ్మీకి కొట్టుకుంది. నడిచేవాళ్ల కేకలు విని ఏకాంబరం లేచి మోకాళ్ల నొప్పులు మరిచి పరుగెత్తాడు. అప్పటికే పసుపు బట్టలవాళ్లు కారులోని వాళ్లను బయటకు తీశారు. నడుపుతున్నాయన చెయ్యి విరిగింది. వెనక కూర్చున్న ఆమెకు నుదురు చిట్లింది. ప్రాణాలకు ఏమీ కాలేదు. రాళ్లు లేకపోతే ఆ వానలో ఆ కారు నడిచేవాళ్ల మీదికి పోయి ఉండేదేమో, పోయి ఉండేది కాదేమో, అది ఎవరూ చెప్పలేరు. ఏకాంబరం తడుస్తూ అక్కడ నిలబడ్డాడు. ఆయన చెయ్యి దానంతట అదే ముందుకు పోయి కొమ్మను పడుకోబెట్టింది.

మరుసటి వారం మునికుమార్‌ను పనికి రావద్దన్నారు. వాడు ఆ మాట ఏకాంబరానికి చెప్పలేదు. ఆనందమ్మ జ్ఞానాంబకు చెబితే తెలిసింది. ఏకాంబరం తెల్లచొక్కా తొడుక్కుని టోల్‌గేటు ఆఫీసుకు పోయాడు. తన తప్పును తన నెత్తిన వేసుకుంటే అయిపోతుందని ఆయన నమ్మకం. సర్కారు రోజుల్లో అంతే జరిగేది. తప్పు చేసినవాణ్ణి ఇంజనీరు రోడ్డు మీదే అందరి ముందూ తిట్టేవాడు. మెమో ఇచ్చేవాడు, కొన్నాళ్లు పక్కన పెట్టేవాడు. తర్వాత అదే ఇంజనీరు, ఏమయ్యా బుద్ధి వచ్చిందా అని మళ్లీ పార చేతికిచ్చేవాడు. తిట్టడానికి ఒక నోరు ఉండేది, క్షమించడానికీ అదే నోరు.

మేనేజరు పేరు బాలచంద్ర. తిరుపతి మనిషే, చదువుకున్నవాడు, మర్యాద తెలిసినవాడు. కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. ఏకాంబరం టీ ముట్టుకోకుండానే మొదలుపెట్టాడు.

"ఆ రాళ్లు పెట్టింది నేను సార్. వానికి ఏం సంబందం ల్యా. సేసేదేదో నన్ను సేయండి."

బాలచంద్ర కంప్యూటరు తెరను ఆయన వైపు తిప్పాడు. కల్వర్టు దగ్గర స్తంభానికి ఉన్న కెమెరా తీసిన బొమ్మలవి. అందులో వాన ఇంకా మొదలుకాలేదు. పెట్రోలింగ్ బండి వచ్చి ఆగింది. మునికుమార్ దిగాడు. రాళ్లను చూశాడు, అటూ ఇటూ చూశాడు. బండ్ల గాలికి కొమ్మ ఒక పక్కకు ఒరిగి ఉంది. వాడు వంగి దాన్ని నిలువుగా పెట్టాడు. కొమ్మ అడుగున ఒక చిన్నరాయి అదిమి, కదిలించి చూసి, చేతులు దులుపుకుని బండి ఎక్కి పోయాడు.

ముందు ఏకాంబరానికి కలిగింది సంతోషమే. వెంకటముని పెట్టినట్టే పెట్టాడు, అదే చెయ్యి అనుకున్నాడు. ఆ బొమ్మ తనకు ఎందుకు చూపించారో ఆ తర్వాత అర్థమైంది.

"తీసేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు పెద్దాయనా," అన్నాడు బాలచంద్ర. "చూడలేదన్నా ఏదో ఒకటి చెప్పుకునేవాళ్లం. దిగాడు, చూశాడు, సరిచేసి మరీ పోయాడు. పైవాళ్లకు నేనేమని చెప్పాలి?"

"కొమ్మ నిలబడి వుంటే తీయకూడదు సార్."

"ఎవరు చెప్పారు?"

"గ్యాంగులో అట్లనే."

"ఆ గ్యాంగు ఇప్పుడు లేదు కదా."

పైవాళ్లెవరో చెబితే తానే పోయి కాళ్లు పట్టుకుంటానన్నాడు ఏకాంబరం. బాలచంద్ర విసుక్కోలేదు. రోడ్డు వేసిన కంపెనీ దీన్ని ఇంకో కంపెనీకి అమ్మిందనీ, వాళ్ల ఆఫీసు ముంబైలో ఉందనీ, తాను కూడా వాళ్లను ఫోనులోనే తప్ప చూడలేదనీ చెప్పాడు. మునికుమార్‌ను తీసేసింది ఏజెన్సీ. ఏజెన్సీకి చెప్పింది కంపెనీ. అడ్డం తీయలేదని కంపెనీకి నోటీసు ఇచ్చింది ఇంకా పైన ఉన్నవాళ్లు. ఏకాంబరం వింటూనే ఉన్నాడు గానీ, ఆ వరసలో ఎవరి దగ్గర ఆగి దండం పెట్టాలో ఆయనకు అర్థం కాలేదు.

"మరి నన్నేమీ సేయరా సార్?"

"మిమ్మల్ని మేమేం చేస్తాం? మీరు మా మనిషి కాదు కదా," అన్నాడు బాలచంద్ర మెత్తగా. కారువాళ్లు కేసు వద్దన్నారనీ, ఏకాంబరం పేరు తానెక్కడా రాయలేదనీ కూడా చెప్పాడు. పెద్దాయన్ని గడప దాకా వచ్చి సాగనంపాడు. చెడ్డ మనిషి అని చెప్పడానికి ఏకాంబరానికి ఒక్క కారణం కూడా మిగల్లేదు.

ఆ సాయంత్రం ఆయన ఆనందమ్మ ఇంటికి పోయాడు. వసారాలో కూర్చుంటే ఆమె సంగటి, శనగవిత్తుల చట్నీ తెచ్చి ముందు పెట్టింది. వద్దనడానికి ఆయనకు నోరు రాలేదు. తింటుండగా ఆమె గుంజకు ఆనుకుని, నెమ్మదిగా, తప్పు పట్టినట్టు కాకుండా అడిగింది.

"వానికి ఒక ఫోను సేసి సెప్పకూడదా బావా, ఈడ రాళ్లు పెట్టినానని?"

ఆయన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చెప్పాలన్న ఆలోచనే రాలేదు. కొమ్మ నిలబెడితే గ్యాంగులో ఇంకా ఎవరికైనా ఏమైనా చెప్పాలా? ఆ పద్ధతి తెలిసినవాడు ఆ రోడ్డు మొత్తం మీద ఒక్కడే మిగిలి ఉన్నాడనీ, ఆ ఒక్కడికి అది నేర్పింది తానేననీ, అది నేర్చుకున్నందుకే వాడి అన్నం పోయిందనీ ఆమెకు ఎట్లా చెప్పాలి? ముద్ద మింగాడు.

కొన్నాళ్లకు మునికుమార్‌కు తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది. చీకటి విడవకముందే కంపెనీ బస్సు వచ్చి తీసుకుపోతుంది. ఇంటికి చేరేసరికి వాడి చిన్నబిడ్డ నిద్రపోయి ఉంటుంది. వాడు ఏకాంబరాన్ని పల్లెత్తు మాట అనలేదు. ఎదురుపడితే నిలబడి, మోకాళ్ల నొప్పి ఎట్లుందని అడిగేవాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఏకాంబరం జ్ఞానాంబతో అన్నాడు. ఆమె ఆ రోజు ఎగతాళి చేయలేదు.

ఆయన మనసులో ఇంకొకటి మెదులుతూ ఉంది. అది ఆఫీసులో చెప్పలేదు, ఆనందమ్మకు చెప్పలేదు. ఒకరోజు తెల్లవారకముందే లేచి, బస్సు ఆగేచోటికి పోయి నిలబడ్డాడు. మునికుమార్ అన్నం క్యారియరు పట్టుకుని వచ్చి ఆయన్ని చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏం పెదనాయనా, ఇంత పొద్దున్నే?"

"ఆ పొద్దు నువ్వు కొమ్మ సరిగా పెట్టినావు గదరా. టీవీలో సూస్తి."

"ఒరిగిపోయిండె," అన్నాడు మునికుమార్ తల వంచుకుని. "నువ్వు ఆడనే యాడో కల్వర్టు కింద ముళ్లు కొడతా వుంటావనుకుంటి. పిలిస్తే పైకెక్కి రావాల, నీకు మోకాళ్లు నొప్పి. తిరిగి వచ్చేటప్పుడు సూద్దాంలే అని పోయినాను."

ఏకాంబరం రోడ్డు వైపు చూశాడు. నాలుగు వరసలూ నున్నగా, ఎవరి చెయ్యీ పడనట్టుగా ఉన్నాయి.

"నేను పనిలో ల్యా నాయనా," అన్నాడు. "పందిట్లో కూసోని వుంటి. నా గొప్పలు సెప్పుకుంటా."

మునికుమార్ ఆయన మొహం చూశాడు. క్యారియరు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఇంతలో బస్సు లైట్లు కనిపించాయి. బస్సు ఆగింది. వాడు మెట్టు ఎక్కి, వెనక్కి తిరగకుండానే, "సలిగా వుండాది, ఇంటికి పో పెదనాయనా" అన్నాడు. అంతా విన్నాక కూడా పెదనాయనా అని వాడు అన్నందుకు ఏకాంబరం తలూపాడు గానీ, బస్సు అప్పటికే తడ దారి పట్టింది.